రబ్బరు గొట్టాన్ని మళ్లీ అక్కడే పెట్టిన ఇల్లాలు

పోయిన నెలలో ఒక పాత స్నేహితుడూ నేనూ కూర్చుని ‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్’ చూశాం. ఆర్థర్ మిల్లర్ నాటకాన్ని 1985లో టీవీ కోసం తీసినది, డస్టిన్ హాఫ్‌మన్ విల్లీ లోమన్‌గా వేసినది. ఊళ్లు తిరిగి సరుకు అమ్మే విల్లీ, చివరికి కొడుక్కి బీమా డబ్బు వస్తుందని కారు తీసుకెళ్లి ప్రాణం తీసుకునే కథ. అయిపోయాక వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లేచి వెళ్లేముందు మాత్రం, "ఇంట్లో ఎవరో ఒకరు ముందే మొహం మీద నిజం చెప్పేసి ఉంటే బతికిపోయేవాడు కదరా" అన్నాడు. నేను అవునన్నాను.

అనేశాను గానీ ఆ రాత్రి నుంచి ఆ మాట నన్ను వదల్లేదు. ఏ నిజం చెప్పాలి? అతనికి తెలియని నిజం ఏముంది? పుస్తకం తీసి మళ్లీ మొదటి నుంచి చదివాను. మొదటిసారి చదివినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. అప్పుడు విల్లీ అంటే ఒళ్లు మంట. కోతలు కోసే మనిషి, కొడుకుల్ని చెడగొట్టిన తండ్రి, పెళ్లాం చిరిగిన మేజోళ్లు కుట్టుకుంటుంటే బోస్టన్‌లో ఇంకొకామెకి కొత్తవి ఇచ్చిన మొగుడు. ఇప్పుడు నాకూ విల్లీ వయసు దగ్గర పడుతోంది. అతనికి అరవై మూడు. ఆ మంట పూర్తిగా చల్లారలేదు గానీ, అతనొక్కడి మీదే లేదు.

విల్లీ గురించి ఎవరు రాసినా ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తుంది. భ్రమలో బతికాడు, తనను తాను మోసం చేసుకున్నాడు, ఆ మోసమే అతన్ని మింగింది అని. నాకు పేచీ దీంతోనే. మనిషి తనను తాను ఒంటరిగా మోసం చేసుకోలేడు. చేసుకోవాలన్నా ఎదురుగా తలూపేవాళ్లు ఒక్కరైనా ఉండాలి. ఆర్థర్ మిల్లర్ ఈ నాటకానికి మొదట అనుకున్న పేరు ‘అతని తల లోపల’ అనే అర్థం వచ్చేది. ఆ పేరు మార్చడమే మంచిదైంది. ఆ భ్రమ ఉన్నది విల్లీ తలలో మాత్రమే కాదు. అది ఆ ఇంటి ఉమ్మడి ఆస్తి.

పెన్సిల్ తీసేంతవరకే

విల్లీకి నిజం తెలుసు అనడానికి నా మొదటి సాక్ష్యం కమిషన్ లెక్క. పాత రోజుల్లో ఒకసారి టూర్ నుంచి ఇంటికొచ్చి, ప్రావిడెన్స్‌లో ఐదు వందల గ్రోసు, బోస్టన్‌లో ఏడు వందల గ్రోసు అమ్మానంటాడు. భార్య లిండా సంబరంగా పెన్సిల్ అందుకుని కమిషన్ 212 డాలర్లని తేలుస్తుంది. అంతే, అక్కడి నుంచి జారడం మొదలు. ప్రావిడెన్స్‌లో నూట ఎనభై అంటాడు. కాదు కాదు, మొత్తం టూర్‌లోనే ఓ రెండు వందలు ఉండొచ్చంటాడు. బోస్టన్‌లో మూడు షాపులు సరుకు లెక్కల కోసం సగం మూసి ఉన్నాయంటాడు. చివరికి చేతికొచ్చేది డెబ్భై డాలర్లూ చిల్లర. ఫ్రిజ్ వాయిదా, వాషింగ్ మెషీన్ వాయిదా, వాక్యూమ్ క్లీనర్ వాయిదా, ఇంటి పైకప్పు బాగుచేసినవాడి బాకీ, కారు కార్బురేటర్ బాకీ, అన్నీ కలిపి పదిహేనో తారీఖులోగా కావలసింది నూట ఇరవై.

ఆ అబద్ధం ఆయుష్షు ఎంతో చూడండి. పెన్సిల్ తీసి నాలుగు అంకెలు వేసేంతసేపు. నిజంగా భ్రమలో ఉన్నవాడైతే 212 దగ్గరే ఆగిపోయి భోజనానికి కూర్చునేవాడు. విల్లీ ఆగడు. ఒక్కో మెట్టూ తనే దిగి వచ్చి అసలు అంకె చెప్పేస్తాడు. కోతలు కోసేవాళ్లని మనం చాలామందిని చూశాం గానీ, కోసిన కోతని అదే నిమిషంలో తనే సరిదిద్దుకునేవాడిని నేనింకెక్కడా చూడలేదు.

అక్కడితో ఆగడు కూడా. జనానికి నేనంటే గిట్టడం లేదేమో అంటాడు. నేను లోపలికి వెళ్తే నవ్వుతున్నట్టుంది అంటాడు. ఎక్కువ మాట్లాడతాను, లావుగా ఉంటాను, చూడటానికి వెర్రివాడిలా ఉంటానేమో అంటాడు. ఒక సేల్స్‌మన్ తనను వాల్రస్‌తో పోలిస్తే చెంప పగలగొట్టానని చెబుతాడు. నాటకం మొత్తంలో విల్లీ తన గురించి చెప్పుకున్న అసలైన నిజాలు ఇవే. గడియ తీసి తలుపు బార్లా తెరిచాడు. లిండా ఏం చేసింది? నా కళ్లకి ప్రపంచంలో నీ అంత అందగాడు లేడు అంది. తలుపు మెల్లగా, ప్రేమగా మూసేసింది. సరిగ్గా ఆ క్షణంలోనే చీకట్లోంచి ఆ బోస్టన్ ఆడమనిషి నవ్వు వినిపిస్తుంది.

ఆ నవ్వు విల్లీ తప్పు చేశాడని గుర్తుచేయడానికి పెట్టారని ఇదివరకు అనుకునేవాణ్ని. అది ఒక భాగమే. ఆవిడ కూడా అతనికి చెప్పేది అదే కదా. నువ్వు భలే నవ్విస్తావు, నిన్ను నేనే ఏరుకున్నాను అంటుంది. ఇంట్లోనూ బయటా అతనికి దొరికే సరుకు ఒకటే. ఇంట్లో దొరికేది ఉచితం, బయట దొరికేదానికి మేజోళ్లు ఇచ్చుకోవాలి.

మయసభ కట్టినవాళ్లు

1949 ఫిబ్రవరి 10న న్యూయార్క్‌లోని మొరాస్కో థియేటర్‌లో మొదటిసారి వేసినప్పుడు వేదిక మీద జో మీల్జినర్ తయారుచేసిన ఇంటికి గోడలు లేవు, గోడల రూపురేఖలే ఉన్నాయి. ఇప్పటి కథ నడుస్తున్నప్పుడు నటులు అక్కడ గోడలున్నట్టే తలుపుల్లోంచి వచ్చి వెళ్తారు. పాత జ్ఞాపకాలు వచ్చినప్పుడు ఆ గీతల్ని దాటుకుని నడిచిపోతారు. నాకు మయసభ గుర్తొస్తుంది. దుర్యోధనుడు నీళ్లని నేలనుకుని పడ్డాడు, నేలని నీళ్లనుకుని పంచె ఎత్తాడు. తేడా ఒక్కటే. అతను పడ్డ సభని కట్టింది పరాయివాడు. ఇక్కడ తాపీ మేస్త్రులు ఇంట్లోవాళ్లే.

వంటింట్లో జరిగే రాత్రి సన్నివేశం చూడండి. పెద్ద కొడుకు బిఫ్‌కి ముప్పై నాలుగేళ్లు. టెక్సాస్‌లో గుర్రాల దగ్గర పనిచేసి వచ్చాడు. ఒకప్పుడు బిల్ ఆలివర్ అనే ఆయన దగ్గర చేసి, బాస్కెట్‌బాల్స్ పెట్టె ఒకటి కాజేసి మానేశాడు. ఇప్పుడు అదే ఆలివర్ దగ్గరికి వెళ్లి వ్యాపారానికి అప్పు అడుగుతానంటాడు. ఆ మాట పడిందో లేదో తమ్ముడు హ్యాపీ పైన ఇటుక పేరుస్తాడు. అన్నదమ్ములిద్దరూ రెండు జట్లు పెట్టుకుని ఊరూరా ఆడుతూ ఆట సామాన్లు అమ్మడం, పేరు లోమన్ బ్రదర్స్. ఎంత అడుగుతావని విల్లీ అడిగితే, పది వేలు దాటదేమో అంటాడు బిఫ్. నువ్వెప్పుడూ తక్కువే అడుగుతావు, పదిహేను అడుగు అంటాడు విల్లీ. ఆ రాత్రి అతను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. అంకెని పది నుంచి పదిహేను చేశాడు. మిగతా మేడంతా కొడుకులు కట్టిందే, తల్లి సంతోషంగా చూస్తుండగా.

ఇక్కడ ఒక సంగతి చాలామంది దాటేస్తారు. ఈ మేడ కట్టడానికి కాసేపటి ముందే లిండా కొడుకులకి అసలు విషయం చెప్పింది. కంపెనీ జీతం ఆపేసిందని, ఐదు వారాలుగా కొత్తగా చేరినవాడిలా ఉత్త కమిషన్ మీద తిరుగుతున్నాడని, పొరుగింటి చార్లీ దగ్గర వారానికి యాభై డాలర్లు అప్పు తెచ్చి అది తన జీతమన్నట్టు ఇస్తున్నాడని, చచ్చిపోవడానికి చూస్తున్నాడని. అంటే ఆలివర్ కథ ఆశ కాదు, మందు. తండ్రిని బతికించడానికి అప్పటికప్పుడు నూరి పోసింది. అందుకే వాళ్లని తప్పుపట్టబోతే నోరు రాదు.

మర్నాడు బిఫ్ ఆరు గంటలు కూర్చుంటాడు. ఆలివర్ అతన్ని గుర్తుపట్టనే లేదు. తను అక్కడ సేల్స్‌మన్‌ని కూడా కాదు, సరుకు పంపించే గుమాస్తానని బిఫ్‌కి అప్పుడు జ్ఞాపకం వస్తుంది. ఇన్నేళ్లూ ఇంట్లో అందరూ సేల్స్‌మన్ అంటుంటే తనే నమ్మేశాడు! ఆలివర్ పెన్ను ఒకటి జేబులో వేసుకుని పదకొండు అంతస్తులు పరుగెత్తుకుంటూ దిగుతాడు.

ఆ సాయంత్రం హోటల్లో విల్లీ అనే మాట నా వాదానికి పట్టుగొమ్మ. ఆ పొద్దునే అతని ఉద్యోగం పోయింది. కొడుకులతో ఆ మాట దాచకుండా చెప్పేస్తాడు. మీ అమ్మకి చెప్పడానికి ఏదో ఒక చిన్న మంచి కబురు కావాలి, నా బుర్రలో ఇక కథలు మిగల్లేదు అంటాడు. భ్రమలో ఉన్నవాడు అనే మాటేనా ఇది? రోజూ వండి పెట్టాల్సినవాడు ఇంట్లో సరుకులు నిండుకున్నాయని చెప్పినట్టు లేదూ? అతను కథలు అల్లేది తన కోసమే కాదు, లిండా కోసం. లిండా నమ్మినట్టు ఉండేది అతని కోసం. ఇద్దరూ ఒకరికొకరు దాచుకుంటున్నది ఒకటే వస్తువు.

గొట్టం

ఫ్యూజు పెట్టె వెనక దాచిన చిన్న రబ్బరు గొట్టం ఒకరోజు లిండా కంట పడుతుంది. అది గ్యాస్ పీల్చి చచ్చిపోవడానికని ఆమెకు అర్థమవుతుంది. అప్పటి నుంచి రోజూ కిందికి వెళ్లి దాన్ని తీసేస్తుంది. అతను ఇంటికొచ్చే వేళకి మళ్లీ అక్కడే పెట్టేస్తుంది. ఎందుకమ్మా అంటే, అడిగి ఆయన్ని ఎలా అవమానించను అంటుంది.

ఈ ఒక్క పని గురించి నేను వారం రోజులు ఆలోచించాను. తీయడం నాకు అర్థమవుతుంది. తిరిగి పెట్టడం? అతను వెతుక్కుని, లేదని తెలిసి, ఆమెకు తెలిసిపోయిందని గ్రహిస్తే సిగ్గుపడతాడని. ప్రాణం కంటే మర్యాద పెద్దదైపోయింది. ఇంత ప్రేమగల మనిషి ఇంత ఘోరమైన పని చేయడం నేనింకే నాటకంలోనూ చూడలేదు. ఈ వాక్యం రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను. ఎందుకంటే ఘోరం అనే హక్కు నాకు లేదేమో.

మా నాన్న రిటైరైన కొత్తలో రోజూ సాయంత్రం ఒక ఆఫీసు కబురు చెప్పేవారు. ఫలానా ఫైలు దొరక్క తనకే ఫోన్ చేశారని, కొత్తగా వచ్చినాయన తనను అడగనిదే సంతకం పెట్టడం లేదని. ఒక రాత్రి అన్నాలకి కూర్చున్నప్పుడు, "పొద్దున మళ్లీ చేశార్రా, ఫోన్లోనే అరగంట తినేశారు" అన్నారు. మా ల్యాండ్‌లైన్ అంతకు ముందు రోజు నుంచి పనిచేయడం లేదు. ఎత్తితే చప్పుడే లేదు. ఆ సంగతి నాకు తెలుసు, అక్కకి తెలుసు, అమ్మకి తెలుసు. అమ్మ నా వైపు ఒక్క చూపు చూసి, "మీకు విశ్రాంతి రాసిపెట్టలేదు లెండి" అని వడ్డన సాగించింది. నేను కంచంలోకి చూస్తూ ఊ కొట్టాను. మర్నాడు అమ్మ పక్కింటి నుంచి కంప్లైంట్ ఇప్పించింది. లైన్‌మన్ వచ్చి బాగుచేసి వెళ్లాక నాన్న ఒకసారి రిసీవర్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని, పెట్టేశారు. ఎప్పుడు పాడైందని అడగలేదు. ఆ తర్వాత ఆ కబుర్లు కూడా తగ్గిపోయాయి.

ఆయనకు తెలుసు. మాకు తెలుసని కూడా ఆయనకు తెలుసు. ఆ రాత్రి నోరు మూసుకున్నందుకు నాకు ఈ రోజుకీ పశ్చాత్తాపం లేదు. మరి లిండా చేసిందానికీ మేం చేసిందానికీ తేడా ఏమిటి? మా నాన్నకి నెల తిరిగేసరికి పెన్షన్ వచ్చేది. ఆ అబద్ధం మీద వడ్డీ కట్టాల్సిన పని లేదు. విల్లీది అలా కాదు, వారం వారం యాభై డాలర్లు తెచ్చి నిలబెట్టాల్సిన అబద్ధం. అంతకు మించి తేడా నాకు కనిపించలేదు. ఊరికే ఊ కొట్టడం ఎక్కడ ఆగి, గొట్టాన్ని తిరిగి పెట్టడం ఎక్కడ మొదలవుతుందో నన్నడిగితే చెప్పలేను.

హోవర్డ్ మాటేమిటి?

ఇదంతా ఫోన్లో చెబితే మా స్నేహితుడికి కోపం వచ్చింది. "ముప్పై నాలుగేళ్లు పిండుకుని వదిలేసిన కంపెనీని వదిలేసి, మేజోళ్లు కుట్టుకునే ఆడమనిషి మీద పడతావేంటి?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. విల్లీ యజమాని హోవర్డ్ గది సన్నివేశం చదివితే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. వారానికి 65 డాలర్లు చాలంటాడు విల్లీ, తర్వాత 50, తర్వాత 40. హోవర్డ్ మాత్రం కొత్తగా కొన్న వైర్ రికార్డర్‌లో కూతురి ఈల వినిపించడంలో మునిగి ఉంటాడు. నీకు పేరు పెట్టేటప్పుడు మీ నాన్న నన్ను కూడా అడిగాడయ్యా అని గుర్తుచేసినా లాభం లేదు. బత్తాయి తిని తొక్క పారేసినట్టు మనిషిని పారేయకూడదని విల్లీ అరిచేది ఇక్కడే. మొదటి రాత్రి చూసినవాళ్లలో పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ల యజమాని బెర్నార్డ్ గింబెల్ ఉన్నాడని, వయసు మీరిందన్న కారణంతో తన దుకాణాల్లో ఎవరినీ తీసేయొద్దని ఆ రాత్రే ఆదేశం ఇచ్చాడని మిల్లర్ ఆత్మకథలో రాసుకున్నాడు. అంటే దెబ్బ తగలాల్సిన చోట తగిలింది. ఇంకో తమాషా కూడా ఉంది. 1951లో కొలంబియా కంపెనీ దీన్ని సినిమాగా తీసి, జనం ఎక్కడ అపార్థం చేసుకుంటారో అని, సేల్స్‌మన్ ఉద్యోగం ఎంత మంచిదో చెప్పే చిన్న చిత్రం ఒకటి ముందు వేయడానికి సిద్ధం చేసుకుంది. మిల్లర్ కోర్టుకి వెళ్తానని బెదిరించాక మానుకుంది. నమ్మినట్టు నటించడంలో లోమన్ల ఇల్లే నయం.

కాబట్టి కంపెనీ తప్పు లేదని నేననడం లేదు. కానీ హోవర్డ్ ఒక్కడే కారణమైతే 1983లో బీజింగ్‌లో ఈ నాటకం నిలబడేది కాదు. మిల్లరే వెళ్లి, తనకు రాని భాషలో, చైనా నటులతో వేయించాడు. అనువదించిన యింగ్ రువోచెంగే విల్లీ వేషం కట్టాడు. అప్పటి చైనాలో ఊళ్లు పట్టుకు తిరిగే సేల్స్‌మన్ ఎక్కడ? జీవిత బీమా డబ్బు కోసం చావడం అనే ఆలోచన ఎక్కడ? అయినా అక్కడి ప్రేక్షకులు పట్టుకున్నారు. గొప్పవాడు కావాలని కొడుకుని కోరుకునే తండ్రిని, తండ్రికి నిజం చెప్పలేని కొడుకుని ఎవరూ కొత్తగా పరిచయం చేయక్కర్లేదు.

నా వాదానికి అసలైన దెబ్బ హోవర్డ్ నుంచి కాదు, డేవ్ సింగిల్‌మన్ నుంచి తగులుతుంది. 84 ఏళ్ల ముసలి సేల్స్‌మన్. హోటల్ గదిలో ఆకుపచ్చ వెల్వెట్ చెప్పులు వేసుకుని కూర్చుని, ఫోన్ల మీదే అమ్మకాలు చేసేవాడు. రైల్లో ప్రాణం పోతే వందలమంది సేల్స్‌మన్లు, కొనుగోలుదారులు అంత్యక్రియలకి వచ్చారు. విల్లీ ఎప్పుడో అతన్ని చూసి, జీవితమంటే ఇదీ అని తేల్చుకున్నాడు. ఈ కలని లిండా కట్టలేదు, పిల్లలు కట్టలేదు. ఇది పూర్తిగా విల్లీ స్వార్జితం. పైగా ఆ కథలో అతనికి చెప్పులు కనిపించాయి, ఫోన్ కనిపించింది, జనం కనిపించారు. 84 ఏళ్లకి కూడా పనిచేస్తే తప్ప గడవక హోటల్ గదుల్లో పడుకునే ముసలాయన కనిపించలేదు. ఎదురుగా ఉన్నదాన్ని చూడకపోవడం అంటే ఇదే, ఒప్పుకుంటున్నాను. పునాది అతనిది. నేను మాట్లాడుతున్నది పైన లేచిన అంతస్తుల గురించి.

చెప్పనే చెప్పారు

ఇక మా వాడి మొదటి మాటకి వస్తాను. ఒక్కరు నిజం చెప్పి ఉంటే? చెప్పారు కదా. చార్లీ నాటకమంతా చెబుతూనే ఉన్నాడు. విల్లీకి ఆ నిజం ఎందుకు వినపడలేదో చూడాలి.

చార్లీ విల్లీకి వారానికి యాభై డాలర్ల ఉద్యోగం ఇస్తానంటాడు, ఊళ్లు తిరిగే పని కూడా లేదంటాడు. విల్లీ వద్దంటాడు. నాకు ఉద్యోగం ఉంది అంటాడు, పోయిన రోజునే. కానీ అదే చార్లీ దగ్గర అదే యాభై అప్పుగా తీసుకుంటూనే ఉన్నాడు. అందరూ దీన్ని పొగరు అంటారు. పొగరైతే అప్పు కూడా తీసుకోడు. అప్పుగా తెస్తే ఇంటికొచ్చేసరికి అది జీతం అవుతుంది, కథ నడుస్తుంది. ఉద్యోగంగా తెస్తే చార్లీ దగ్గర చేస్తున్నానని ఇంట్లో చెప్పాలి, కథ ఆగిపోతుంది. విల్లీ కాదన్నది యాభై డాలర్లని కాదు, అది ఏ తలుపు గుండా ఇంట్లోకి వస్తుందన్నదాన్ని.

చివరికి బిఫ్ చెప్పాడు. ఆ గొట్టాన్ని తెచ్చి బల్ల మీద పడేశాడు. లిండా లాక్కోబోతుంది. ఇదేమిటి, నేనెప్పుడూ చూడలేదే అంటాడు విల్లీ. ఈ ఇంట్లో పది నిమిషాలు కూడా నిజం మాట్లాడుకున్నది లేదని బిఫ్ అరుస్తాడు. అసిస్టెంట్ బయ్యర్‌నని చెప్పుకునే హ్యాపీ నిజానికి అసిస్టెంట్‌కి ఉన్న ఇద్దరు అసిస్టెంట్లలో ఒకడని బయటపెడతాడు. నేను గొప్పవాణ్ని కాను, నువ్వూ కావు, మనలాంటివాళ్లు వీధికి వందమంది అన్నట్టు చెప్పి, తండ్రి మీద పడి ఏడుస్తాడు. మా స్నేహితుడు కోరుకున్నది సరిగ్గా ఇదే. మొహం మీదే, దాచకుండా, ప్రేమతోనే.

విల్లీకి ఏం వినిపించింది? వీడికి నేనంటే ఇష్టం అని. వెంటనే అతని నోట వచ్చిన రెండో మాట, ఈ కుర్రాడు గొప్పవాడవుతాడు అని. ఇరవై వేల డాలర్ల బీమా సొమ్ము చేతిలో ఉంటే ఇంకెంత గొప్పవాడవుతాడో అని అతని తలలో, చనిపోయిన పెద్దన్న బెన్ గొంతు. కారు తీసుకుని వెళ్లిపోయాడు. నిజాన్నే ఇటుకగా చేసి ఇంకో అంతస్తు వేసేశాడు, చివరిది.

ఈ సన్నివేశం నా వాదాన్ని సగం కూల్చేస్తుందని తెలుసు. చెప్పడమే మందైతే బిఫ్ చెప్పాక బతకాలి కదా. నాకు తోచిన సమాధానం ఒక్కటే, అది కూడా గట్టిగా చెప్పలేను. పదిహేడేళ్లు ఆలస్యమైంది. బిఫ్ బోస్టన్ హోటల్ గదిలో తండ్రిని ఆ ఆడమనిషితో చూసిన రోజునే ఆ మాట అని ఉంటే? లెక్కల పరీక్షలో 61 వచ్చి ఫెయిలైన కుర్రాడు ఆ రోజు దొంగా, మోసగాడా అని ఏడ్చి వెళ్లిపోయాడు, ఇంటికొచ్చి తల్లికి చెప్పలేదు. యూనివర్సిటీ పేరు రాసుకున్న బూట్లు పొయ్యిలో వేసి కాల్చాడు గానీ నోరు విప్పలేదు. వాడు కూడా గొట్టాన్ని తీసి, మళ్లీ అక్కడే పెట్టాడు.

ఇది విషాద నాటకం అవునా కాదా అని పెద్ద చర్చే నడిచింది. రాజులకి మాత్రమే కాదు, మామూలు మనిషికీ విషాదం ఉంటుందని మిల్లర్ నాటకం మొదట వేసిన ఏడాదే న్యూయార్క్ టైమ్స్‌లో రాశాడు. చివర్లో నాయకుడికి కళ్లు తెరుచుకోవాలి, విల్లీకి తెరుచుకోలేదు కాబట్టి కాదన్నవాళ్లున్నారు. నాకు ఆ తగువు మీద పెద్ద ఆసక్తి లేదు. కళ్లు తెరుచుకోవడానికి అవి ముందు మూసుకుని ఉండాలి కదా అని మాత్రం అనిపిస్తుంది.

స్మశానం దగ్గర ఉమ్మడి ఆస్తికి పంపకాలు జరుగుతాయి. ఆయన కన్నవి తప్పుడు కలలు, తను ఎవరో ఆయనకి తెలియనే లేదు అని బిఫ్ తన వాటా వదులుకుంటాడు. అమ్మకాలన్నిటికంటే ఇంటి ముందు తను కట్టిన మెట్లలోనే ఆయన ఎక్కువ ఉన్నాడంటాడు. చేతిలో సిమెంటు ఉంటే ఎంత సంతోషంగా ఉండేవాడో అని చార్లీ అంటాడు. నాన్నది మంచి కలే, ఇక్కడే ఉండి నెగ్గి చూపిస్తా అని హ్యాపీ మొత్తం తన పేర రాయించుకుంటాడు. వందలమంది వస్తారనుకున్న అంత్యక్రియలకి వచ్చింది ఇంట్లోవాళ్లు, పొరుగింటి తండ్రీకొడుకులు.

లిండా మాటలు ఇదివరకు నాకు నాటకంలో బలహీనమైన చోటుగా అనిపించేవి. ఆమె ఏడవలేకపోతుంది. ఎందుకిలా చేశావు, ఎంత వెతికినా నాకు అర్థం కావడం లేదు అంటుంది. గొట్టం సంగతి తెలిసిన మనిషి. అంతకు ముందు జరిగిన ప్రమాదాలు ప్రమాదాలు కావని బీమా కంపెనీ వాళ్లకి ఆధారాలు దొరికాయని కొడుకులకి చెప్పిన మనిషి. అర్థం కాకపోవడం ఏమిటని విసుక్కునేవాణ్ని. ఈసారి ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగాను. ఆమె నటించడం లేదు. ఇన్నేళ్లు తెలిసీ తెలియనట్టు ఉండి ఉండి, ఆమెకి నిజంగానే తెలియకుండా పోయింది. ముప్పై అయిదేళ్లలో మొదటిసారి అప్పులు తీరబోతున్నాయి, ఆయనకి కావలసింది చిన్న జీతమే కదా అని చార్లీకి లెక్క చెబుతుంది. డెంటిస్టు దగ్గర పని కూడా అయిపోయింది కదా అంటుంది.